కంటి వైద్యులను తయారు చేసిన బడులు: ఎగ్మూరు, రాయవేలూరు, తిరుపతి

మన శతవార్షికోత్సవ సంచికలో దేవాలయాల చరిత్ర, పాఠశాలల చరిత్ర, తొలి కుటుంబాల చరిత్ర వ్రాయుటకు తగిన పెద్దలున్నారు. నాకు ఇచ్చిన ఈ కొద్ది పుటలలో మరొక సంగతి వ్రాయదలచాను. మన తిరుపతి, చిత్తూరు సీమలో చూపు పోయినవారికి చూపు తెప్పించిన డాక్టర్లు ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారు? ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఎవరి కండ్ల మీద నేర్చుకున్నారు?

మూడవ ప్రశ్న కొందరికి కటువుగా తోచవచ్చు. అయినా అడగక తప్పదు. ఎంత పేరున్న కంటి సర్జనుకైనా మొదటి ఆపరేషను అనేది ఒకటి ఉంటుంది. ఆ రోజు బల్ల మీద పడుకున్న మనిషి పేరు ఏ సంచికలోనూ అచ్చు కాదు. చాలావరకు ఆ మనిషి బీదవాడు, పల్లెవాడు, ధర్మాసుపత్రి తప్ప వేరే గతి లేనివాడు. అతని కన్ను బాగుపడిందా పాడయిందా అనేది, నేర్చుకునే ఆ యువ డాక్టరు ప్రక్కన ఆ సమయంలో ఎవరు నిలబడి ఉన్నారు అనే దాని మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. కంటివైద్య శిక్షణ చరిత్ర అంటే, నా మటుకు, ఆ ప్రక్కన నిలబడినవారి చరిత్రే.

ఆసుపత్రులు రాకముందు మన పల్లెలలో శుక్లానికి వైద్యం లేకపోలేదు. ఊరూరా తిరిగే వైద్యులు ఉండేవారు. కంటిలో తెల్లబడిన బిళ్ళను సన్నని సూది వంటి పనిముట్టుతో లోపలికి నెట్టివేసేవారు. శుశ్రుతుని పేర చెప్పబడే పద్ధతి ఇదే. బిళ్ళ అడ్డు తొలగగానే రోగికి వెలుతురు కనబడేది, ఎదురుగా ఎత్తిన వేళ్ళు కనబడేవి. ఇంట్లోవారు సంతోషపడి ధాన్యమో డబ్బో ఇచ్చేవారు. వైద్యుడు తరువాతి ఊరికి పోయేవాడు. నెట్టబడిన బిళ్ళ మాత్రం కంటిలోనే ఉండిపోయేది. కొద్ది వారాలకో నెలలకో కన్ను ఎర్రబడి, పోటు పుట్టి, అనేకమందికి వచ్చిన చూపు శాశ్వతంగా పోయేది. ఈ విద్య తండ్రి నుండి కొడుక్కు వచ్చేది. అందులో చేతి నేర్పు ఉంది, సందేహం లేదు. చేసిన కన్ను ఆరు నెలల తరువాత ఎలా ఉందో తిరిగి చూసే ఏర్పాటు లేదు. నేర్పేవానికి తెలియని తప్పు నేర్చుకునేవానికి ఎట్లా తెలుస్తుంది?

ఇక ఎగ్మూరు సంగతి. లండనులో 1805లో తెరచిన కంటి ఆసుపత్రి, తరువాత మూర్‌ఫీల్డ్స్ అని పేరుపొందినది, ఒక విధంగా యుద్ధం వల్ల పుట్టింది. నెపోలియను కాలంలో ఈజిప్టు నుండి తిరిగి వచ్చిన సైనికులు కండ్ల జబ్బును వెంట తెచ్చారు. దానికి ప్రత్యేక ఆసుపత్రి కావలసివచ్చింది. అక్కడ తరిఫీదు పొందిన రాబర్ట్ రిచర్డ్‌సన్ అనే డాక్టరును ఈస్టిండియా కంపెనీ చెన్నపట్నానికి పంపింది. 1819లో ఆయన మద్రాసు కంటి ఆసుపత్రిని ప్రారంభించాడు. ప్రపంచంలోని అతి పాత కంటి ఆసుపత్రులలో అది ఒకటి. తరువాత అది ఎగ్మూరుకు మారి, ప్రభుత్వ కంటి ఆసుపత్రిగా పెరిగింది. ఆ కాలంలో తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు అన్నీ ఉత్తర ఆర్కాడు జిల్లాలోనివే. చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అందువల్ల మన తాతముత్తాతలకు కంటి పెద్దాసుపత్రి అంటే ఎగ్మూరే. రేణిగుంటలో రైలెక్కితే పట్నం చేరవచ్చు. పట్నం దాకా పోవడానికి తోడు మనిషి, చేతిలో డబ్బు, అరవ పట్నంలో తలదాచుకునే చోటు ఉండాలి. ఇవి లేనివారు ఇంటి అరుగు మీదనే చీకటిలో కూర్చునేవారు.

ఎగ్మూరు ఆసుపత్రి కేవలం వైద్యశాల కాలేదు, బడి కూడా అయింది. 1904 నుండి పదేండ్లు దానికి పెద్దగా ఉన్న కర్నల్ రాబర్ట్ హెన్రీ ఇలియట్ అందుకు ముఖ్య కారకుడు. నీటికాసుల జబ్బులో, అంటే కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు హరించే జబ్బులో, కంటి తెల్లగుడ్డు అంచున చిన్న గుండ్రని రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే ఆపరేషనును ఆయన 1909లో మద్రాసులో చేసి లోకానికి చెప్పాడు. తరువాతి అర్ధ శతాబ్దం పాటు ప్రపంచమంతటా డాక్టర్లు దానిని నేర్చుకున్నారు. నాకు ఇంకా ఎక్కువ నచ్చేది ఆయన మరొక పని. ఇందాక చెప్పిన ఊరూరి వైద్యుల చేత శుక్లం నెట్టించుకున్నవారి కండ్లను ఆయన వందలకొద్దీ పరీక్షించి, ఎన్ని బాగున్నవి, ఎన్ని పోయినవి లెక్క కట్టి పుస్తకం వ్రాశాడు. తిట్టడం సులువు. లెక్క కట్టడం కష్టం. శిక్షణకు ఆధారం ఆ లెక్కే. ఆయన పేరనే అక్కడ కంటివైద్య పాఠశాల, కంటి రోగాల ప్రదర్శనశాల ఏర్పడ్డాయి. ఆ ఆసుపత్రికి తొలి భారతీయ సూపరింటెండెంటు 1940లో వచ్చిన కోమన్ నాయర్‌గారు. 1945లో ముత్తయ్యగారి చేతి మీదుగా మన దేశపు తొలి నేత్రనిధి కూడా అక్కడే మొదలైంది. నేత్రనిధి అనగానే మన సీమవారికి కాళహస్తి కన్నప్ప కథ జ్ఞాపకం వస్తుంది. ఏ మతంవారైనా ఆ కథ వినని మనిషి ఇక్కడ ఉండడు. కన్ను ఇచ్చే మాట ఈ నేలకు కొత్త కాదు. ఇచ్చిన కన్నును మరణించిన ఆరు గంటలలోగా శుభ్రంగా తీసి, భద్రపరచి, మరొకరికి కుట్టే విద్య మాత్రం నేర్చుకోవలసివచ్చింది.

రాయవేలూరు చరిత్ర మన సంఘ సభ్యులకు కొంత తెలిసినదే గనుక త్వరగా చెబుతాను. ఆర్కాటు మిషను స్కడ్డర్ కుటుంబంలో పుట్టిన ఐడా స్కడ్డరు ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు స్త్రీవైద్యురాలు లేక చనిపోవడం చూచి, అమెరికాకు వెళ్ళి 1899లో కార్నెల్‌లో డాక్టరు పట్టా పుచ్చుకొని తిరిగి వచ్చారు. 1902లో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు. ఒక అమెరికా బ్యాంకరు తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన పదివేల డాలర్లతో కట్టినది అది. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల, 1942లో ఎం.బి.బి.ఎస్., 1947 నుండి మగపిల్లలకు కూడా ప్రవేశం. పెద్ద ఆసుపత్రి ఊరి నడుమ వేరుగా పెరిగిన తరువాత పాత షెల్ ఆసుపత్రి కంటివైద్యానికి నిలయమైంది. ఈనాటికీ వేలూరు సి.ఎం.సి. కంటి విభాగం ఆ షెల్ ఆవరణలోనే ఉంది. కాట్పాడి నుండి పాకాల మీదుగా తిరుపతికి నడిచిన మీటరుగేజి బండిలో కండ్లకు పచ్చబట్ట కట్టుకొని వచ్చే ముసలివారు ఒకప్పుడు మామూలు దృశ్యం. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వారికి ఎగ్మూరు కంటె వేలూరే దగ్గర. అక్కడ తెలుగులో మాట్లాడినా పని జరిగేది. అది చిన్న సంగతి కాదు. కన్ను కనబడనివానికి చెవికి పరిచయమైన మాటే సగం ధైర్యం.

వేలూరు కంటి విభాగానికి 1947లో విక్టర్ రాంబో వచ్చారు. ఇండియాలోనే, లాందూరులో పుట్టిన అమెరికా మిషనరీ డాక్టరు. మధ్య పరగణాలలోని ముంగేలిలో ఎన్నో ఏండ్లు పనిచేసి, పల్లెవాడు ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే పల్లెకు పోవాలి అనే పట్టుదల సంపాదించుకున్నవాడు. వేలూరులో పదేండ్లు ఉండి, 1957లో లూథియానాకు వెళ్ళారు. ఆయన కాలంలో కంటి శిబిరం అనేది వైద్య విద్యలో భాగమైంది. శిబిరం అంటే ఏమిటో ఈ తరం పిల్లలకు తెలియదు కనుక కొంచెం వివరిస్తాను.

ముందుగా ఊరి బడినో సత్రాన్నో అడిగి పుచ్చుకునేవారు. గోడలకు సున్నం కొట్టించి, నేల కడిగి, ఒక గదిని ఆపరేషను గది చేసేవారు. పనిముట్లు నీళ్ళలో మరగబెట్టేవారు. ఎవరికి శుక్లం ముదిరిందో, ఎవరికి కంటి నరమే పోయి ఆపరేషను పనికిరాదో విడదీయడం మొదటి పని. టార్చిలైటు వెలుగు ఏ వైపు నుండి వస్తున్నదో రోగి చెప్పగలడా అని చూసేవారు. చెప్పలేకపోతే అతన్ని మెల్లగా ఇంటికి పంపాలి. ఆ మాట చెప్పడం కూడా నేర్చుకోవలసిన విద్యే. ఆపరేషనులో కన్ను అంచున సగం చుట్టూ కోసి, బిళ్ళను దాని సంచితో సహా బయటకు తీసేవారు. దానికి కొందరు పట్టుకారు వాడేవారు. కొందరు పీల్చే గొట్టం, 1960ల తరువాత కొందరు మంచు గడ్డకట్టించే పనిముట్టు వాడేవారు. ఆపరేషను తరువాత రెండు కండ్లకూ కట్టు కట్టి, తల కదలకుండా ఇసుక సంచులు పెట్టి, రోజుల తరబడి వెల్లకిల పడుకోబెట్టేవారు. దగ్గు వచ్చినా భయమే. కట్టు విప్పిన తరువాత కొన్ని వారాలకు సోడాబుడ్డి కండ్లద్దాలు ఇచ్చేవారు. ఆ అద్దాలతో లోకం పెద్దదిగా, వంకరగా కనబడేది, ప్రక్కచూపు ఉండేది కాదు. మెట్లు దిగేవారు తడబడేవారు. అద్దాలు పగిలితే మళ్ళీ గ్రుడ్డివారే.

ఇటువంటి చోట యువ డాక్టరు ఒక వారంలో చూచిన కండ్లు, ఆసుపత్రిలో ఒక సంవత్సరంలో చూడలేడు. చేతికి వచ్చే అభ్యాసం కూడా అట్లాంటిదే. మిషను ఆసుపత్రులు దేశమంతటా ఈ విధంగానే కంటి డాక్టర్లను తయారు చేశాయి. మన తెలుగునాటనే ఆ కొసన, శ్రీకాకుళం జిల్లా సోంపేటలో, కెనడా బాప్టిస్టు మిషనరీ బెన్ గల్లిసన్ డాక్టరు నడిపిన కంటి పని ఆయన స్వదేశంలోనూ కదలిక పుట్టించింది. ఆయన మాటలు విన్న ఆర్ట్ జెంకిన్స్ అనే కాల్గరీ వ్యాపారి 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థను మొదలుపెట్టాడు.

మిషనుల సేవను పొగడటంలో మనం వెనుకాడనక్కరలేదు. అయితే శిబిరాన్ని బడిగా వాడుకోవడంలో ఒక చిక్కు ఉంది. దానిని దాచడం మర్యాద కాదు. ఒకే రోజు అనేక ఆపరేషన్లు జరిగే చోట, గురువు ఒక బల్ల దగ్గర ఉంటే శిష్యుడు మరొక బల్ల దగ్గర ఉంటాడు. శిబిరం ఎత్తివేసిన తరువాత వచ్చిన చీము, నొప్పి, చినిగిన కుట్టు గురువుకు తెలిసేదెట్లా? ఊరూరి సూది వైద్యుని గూర్చి మనం చెప్పిన తప్పే, తెల్లకోటు వేసుకొని మళ్ళీ రాగలదు. రాంబో వంటి మంచి గురువులు శిబిరం తరువాత తిరిగి చూచే ఏర్పాటు చేయాలని పట్టుబట్టారు. తరువాతి దశాబ్దాలలో ఆ పట్టుదల అన్ని చోట్లా నిలువలేదు. 1976లో కేంద్ర ప్రభుత్వం గ్రుడ్డితనం నివారణకు జాతీయ పథకం పెట్టింది. మంచి పథకం. జిల్లాకు ఇన్ని ఆపరేషన్లు అని లక్ష్యాలు వచ్చాయి. లెక్కలో ఆపరేషన్లు పెరిగాయి. ఎన్ని కండ్లకు చూపు వచ్చింది అనే లెక్క చాలాకాలం ఎవరూ అడగలేదు.

ఇప్పుడు తిరుపతికి వద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన నాడు ఎగ్మూరు, రాయవేలూరు రెండూ ఇతర రాష్ట్రంలో ఉండిపోయాయి. ఆంధ్రకు మిగిలిన వైద్య కళాశాలలు విశాఖపట్నం, గుంటూరు. రెండూ కోస్తాలోనే. రాయలసీమ బిడ్డ డాక్టరు కావాలంటే అంతదూరం పోవలసిందే. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1957లో కర్నూలు వైద్య కళాశాల, 1960లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల వచ్చాయి. కళాశాలకు బోధనాసుపత్రిగా దాత రామ్‌నారాయణ్ రూయా పేరిట పెద్దాసుపత్రి ఏర్పడింది. జనం నోట అది రూయా ఆసుపత్రి. చిత్తూరు, కడప, నెల్లూరు జిల్లాల బీదసాదలకు అది దిక్కు.

అదే కాలంలో హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో మన కర్నూలు జిల్లా బిడ్డ పెరుగు శివారెడ్డిగారు పేరు తెచ్చుకున్నారు. చదివింది మద్రాసులో. రాష్ట్రమంతా తిరిగి శిబిరాలు నడిపి, రెండు లక్షలకు పైగా శుక్లం ఆపరేషన్లు చేసిన వ్యక్తిగా ప్రసిద్ధి. 1971లో పద్మశ్రీ, 1977లో పద్మభూషణ్ వచ్చాయి. రాష్ట్రంలో తొలి నేత్రనిధి కూడా ఆయన కృషే. రెండు మూడు తరాల తెలుగు కంటి డాక్టర్లకు ఆయన చేతివాటం చూడటమే పాఠం. అయితే ఒకటి చెప్పాలి. చూచి నేర్చుకోవడం అందరికీ చేతకాదు. గురువు చేయి ఎంత వేగమైనదో, శిష్యునికి అందులోని మెట్లు అంత కనబడవు.

ఎం.బి.బి.ఎస్. తరువాత కంటివైద్యం నేర్చుకోవడానికి అప్పట్లో రెండు దారులు. రెండేండ్ల డిప్లొమా, దానినే డి.ఓ. అంటారు. మూడేండ్ల ఎం.ఎస్. తరువాత ఢిల్లీలోని జాతీయ పరీక్షల మండలి ఇచ్చే పట్టా మూడవ దారి అయింది. దానివల్ల ప్రభుత్వ కళాశాల కాని మంచి ఆసుపత్రులలో కూడా శిక్షణకు వీలు కలిగింది. సీట్ల విషయంలో మన సీమకు 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ముఖ్యమైనది. దాని ప్రకారం అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంగా లెక్కించబడి, సీట్లలో 85 శాతం స్థానికులకు దక్కాయి. 1986లో విజయవాడలో ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం వచ్చి వైద్య కళాశాలలను తన క్రిందకు తీసుకున్నా, ఈ ప్రాంతీయ విభజన కొనసాగింది. ఆ ఉత్తర్వు లేకుంటే మన పల్లె బడులలో చదివిన పిల్లలు ఎంతమంది కంటి సర్జన్లు అయి ఉండేవారు? ప్రతిభ అన్నిచోట్లా ఉంటుంది. బస్సు చార్జీ, హాస్టలు ఖర్చు అన్నిచోట్లా ఉండవు.

ఈ శిక్షణలో ఉన్న డాక్టరును రెసిడెంటు అంటారు. అంటే ఆసుపత్రిలోనే కాపురం ఉండేవాడు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1889 ప్రాంతంలో ఆస్లర్, హాల్‌స్టెడ్ అనే పెద్ద డాక్టర్లు పెట్టిన పద్ధతి ఇది. పుస్తకం చదివి పరీక్ష వ్రాస్తే చాలదు. రోగి మంచం ప్రక్కన రాత్రింబగళ్ళు ఉండి, ఏటేటా ఎక్కువ బాధ్యత మోస్తూ, చివరకు తానే నిర్ణయం తీసుకునే స్థితికి రావాలి అనేది దాని సారం.

మొదటి సంవత్సరం రెసిడెంటు పని ఎక్కువగా ఔట్‌పేషెంటు విభాగంలో. ఉదయం ఎనిమిది గంటలకే వరుస. అక్షరాల పలక చదివించి చూపు కొలవాలి. తెలుగు అక్షరాల పలక ఉంది, అరవంవారికి అరవ పలక ఉంది, ఏ అక్షరమూ రానివారికి మూడు కాళ్ళ బొమ్మ ఏ వైపు తిరిగి ఉందో చేతితో చూపమనే పలక ఉంది. అద్దాల నంబరు కట్టడం, కంటి పొరలను దీపపు చీలికలో చూడటం, కనుపాప విప్పార్చి లోపలి నరాన్ని చూడటం, కంటి ఒత్తిడి కొలవడం. నరాన్ని చూడటం నేర్చుకొనుటకు నెలలు పడుతుంది. మొదట్లో ఎర్రని వెలుగు తప్ప ఏమీ కనబడదు. కనబడిందని అబద్ధమాడే రెసిడెంటును మంచి గురువు ఒక్క ప్రశ్నతో పట్టుకుంటాడు.

రాత్రి డ్యూటీలో మన సీమ జీవనమంతా కంటి రూపంలో కనబడుతుంది. చెరకు కోతలో ఆకు కోసిన కన్ను, వరి పొట్టు పడిన కన్ను, సున్నం పొట్లం పగిలి బిడ్డ కంటిలో పడిన సందర్భం, దీపావళి రాత్రి టపాకాయ దెబ్బ. సున్నం పడిన కంటికి మొదటి చికిత్స డాక్టరు చేతిలో లేదు. ఇంటి దగ్గర ఉన్నవారు ఆ క్షణంలోనే బిందెలకొద్దీ మంచినీళ్ళతో కడగాలి. ఆకు దెబ్బ తగిలిన కంటిలో బూజు పెరిగి నల్లగుడ్డు మీద పుండు అవుతుంది. దాని మీద ఆకు పసరో, ఆముదమో పోసి, ఒక వారం తరువాత తెచ్చేవారు ఎందరో. పుస్తకాలలో ఒక పేరాగా ఉన్న ఈ బూజు పుండును మన రూయా రెసిడెంటు అమెరికా రెసిడెంటు కంటె ఎన్నో రెట్లు ఎక్కువగా చూస్తాడు. ఈ విషయంలో మన బడి ఎవరికీ తీసిపోదు.

కత్తి పట్టడం తరువాత. కబేళా నుండి తెచ్చిన మేక కండ్ల మీద కోయడం, కుట్టడం ముందు. మనిషి తలవెంట్రుక కంటె సన్నని దారం అది. చేయి వణకకుండా, ఊపిరి బిగబట్టకుండా కుట్టాలి. ఆ మీదట గురువు చేసే ఆపరేషనులో ఒక మెట్టు మాత్రం శిష్యుడు చేస్తాడు. మొదట మత్తు సూది, తరువాత కోత, తరువాత కుట్టు. ఒక్కో మెట్టు కుదిరాక ఆపరేషను మొత్తం చేయనిస్తారు. గురువు ప్రక్కనే చేతులు కడుక్కొని సిద్ధంగా ఉంటాడు. బిళ్ళ వెనుక పొర చినిగితే ఏం చేయాలో అప్పుడు మాటలతో చెప్పే వ్యవధి ఉండదు. గురువు తానే కూర్చోవాలి. ఇట్లా జరగవలసినది. అన్ని చోట్లా ఇట్లాగే జరిగిందని చెప్పలేము.

ఈలోగా ఆ విద్యే మారిపోయింది. ఇంగ్లండులో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు 1949లో మొదటిసారి కంటి లోపల కృత్రిమ బిళ్ళను అమర్చాడు. అమెరికాలో చార్లెస్ కెల్మన్ 1967లో శుక్లాన్ని శబ్ద కంపనాలతో పగలగొట్టి సన్నని కోత ద్వారా పీల్చివేసే పద్ధతి తెచ్చాడు. ఇవి మన పల్లెల దాకా రావడానికి 1990లు కావలసివచ్చింది. విదేశీ బిళ్ళ ధర బీదవానికి అందేది కాదు. మదురై అరవింద్ సంస్థ 1992లో ఆరోల్యాబ్ కర్మాగారం పెట్టి సుమారు పదోవంతు ధరకు బిళ్ళలు తయారు చేయడంతో దారి తెరచుకుంది. 1994 నుండి 2002 వరకు ప్రపంచ బ్యాంకు సహాయంతో ఏడు రాష్ట్రాలలో శుక్లం గ్రుడ్డితన నివారణ పథకం నడిచింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాత పద్ధతిలో ఇరవై ఏండ్లు ఆపరేషన్లు చేసిన ప్రొఫెసర్లు, సివిల్ సర్జన్లు అప్పుడు మైక్రోస్కోపు క్రింద మళ్ళీ విద్యార్థులయ్యారు. యాభై ఏండ్ల వయస్సులో, తన శిష్యుల ఎదుట, చేతికి అలవాటైనది మరచి కొత్తది నేర్చుకోవడం ఎవరికైనా కష్టమే. నేర్చుకున్నవారిని నేను గౌరవిస్తాను. నేర్చుకోని చోట్ల ఆ ఏండ్ల రెసిడెంట్లు రెండు విధాలా నష్టపోయారు.

ఆ లోటు ఎంతటిదో ఒక అధ్యయనం బయటపెట్టింది. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థవారు 1996 నుండి 2000 వరకు ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు ప్రాంతాలలో పదివేలమందికి పైగా ప్రజలను పరీక్షించారు. నూటికి 1.84 మంది గ్రుడ్డివారని తేలింది. అందులో దాదాపు సగానికి శుక్లమే కారణం. ఆరవ వంతు మందికి కావలసినది సరైన కండ్లద్దాలు మాత్రమే. అంతకంటె బాధ కలిగించిన సంగతి, శుక్లం ఆపరేషను అయిన కండ్లలో కూడా చాలా వాటికి సరైన చూపు లేదు. మన జిల్లా ఆ నాలుగింటిలో లేదు గాని, మన సంగతి వేరుగా ఉందనుకోవడానికి ఆధారం ఏదీ నాకు కనబడదు.

ఆ సంస్థను 1987లో స్థాపించిన గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు కృష్ణా జిల్లావారు. గుంటూరులో, ఢిల్లీలో చదివి, అమెరికాలో పనిచేసి తిరిగి వచ్చారు. సినిమా దర్శకులు ఎల్.వి. ప్రసాద్‌గారు భూమి, ధనం ఇచ్చారు. మదురై అరవింద్ ఆసుపత్రిని 1976లో పదకొండు మంచాలతో ప్రారంభించిన గోవిందప్ప వెంకటస్వామిగారు కీళ్ళవాతంతో వంకరపోయిన వేళ్ళతోనే లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. ప్రభుత్వోద్యోగం నుండి పదవీ విరమణ చేశాక మొదలుపెట్టిన పని అది. 1982 నుండి అక్కడ పి.జి. శిక్షణ ఉంది. ఈ రెండు చోట్లా నేర్చుకునేవాడు చేసిన ప్రతి ఆపరేషను, అందులో వచ్చిన ప్రతి ఇబ్బంది, వారాల తరువాత రోగి చూపు ఎంత అనేది లెక్కలోకి వస్తుంది. ఇలియట్ దొర కట్టిన లెక్కే మళ్ళీ బడిలోకి వచ్చినట్టు. 2006లో అంతర్జాతీయ నేత్రవైద్య మండలి కూడా రెసిడెంటు ఏమేమి నేర్చుకోవాలో పాఠ్యక్రమం ప్రకటించింది. 2019లో అరవింద్‌వారు తిరుపతిలోనే తిరుమల తిరుపతి దేవస్థానం స్థలంలో ఆసుపత్రి తెరచారు. ఎగ్మూరుకో మదురైకో పోవలసిన చిత్తూరు జిల్లా రోగి ఇప్పుడు ఊరి బస్సులో వచ్చి సాయంత్రానికి తిరిగి పోగలడు.

బడిలోనూ సత్రంలోనూ ఆపరేషన్లు చేసే పాత శిబిరాలు ఇప్పుడు లేవు. శిబిరంలో రోగులను ఎంపిక చేసి, ఆపరేషనుకు ఆసుపత్రికే తీసుకురావాలని ప్రభుత్వం నియమం చేసింది. చీము పట్టి పలువురి కండ్లు ఒకేసారి పోయిన దుర్ఘటనలు దేశంలో పలుచోట్ల జరిగిన మీదట వచ్చిన మార్పు ఇది. రోగికి మేలు. అయితే దీనివల్ల ప్రభుత్వ కళాశాలలలో రెసిడెంటు చేతికి వచ్చే ఆపరేషన్లు కొన్నిచోట్ల తగ్గాయి. ఉచిత ఆపరేషన్లు ధర్మసంస్థల వైపు, ఆరోగ్య బీమా రోగులు ప్రైవేటు వైపు పోతున్నారు. దేశంలోని పి.జి. కంటివైద్యులను అడిగి చేసిన సర్వేలలో, కళాశాలకూ కళాశాలకూ చేతి అభ్యాసంలో చాలా తేడా ఉందని తేలింది. కొందరు వందల ఆపరేషన్లు చేసి బయటకు వస్తారు. కొందరు పట్టా పుచ్చుకొని, చేయి కుదుర్చుకొనుటకు మళ్ళీ ఫెలోషిప్ అని ఒకటి రెండేండ్లు వేరే ఆసుపత్రికి పోతారు. ఒకే పట్టా, రెండు రకాల చేతులు. రోగికి ఆ తేడా బోర్డు మీద కనబడదు.

దేశం మొత్తం మీద గ్రుడ్డితనం తగ్గిందనుట నిజం. 1986–89 సర్వేలో నూటికి 1.49, 2015–19 సర్వేలో 0.36. ఇందులో కొంత భాగం కొలబద్ద మారినందువల్ల అని కూడా చెప్పాలి. మునుపు ఆరు మీటర్ల దూరం గీటు పెట్టినచోట ఇప్పుడు మూడు మీటర్ల గీటు పెట్టారు. మిగిలిన తగ్గుదలకు ఈ బడులలో తయారైన చేతులే ముఖ్య కారణం.

జబ్బులూ మారుతున్నాయి. శుక్లం తీయడమే కంటి డాక్టరు పని అనుకున్న రోజులు పోయాయి. మధుమేహంతో కంటి నరం పొర పాడవుతున్నవారు ప్రతి సంఘంలో ఉన్నారు. వారికి నొప్పి ఉండదు కనుక రారు. నెలలు నిండక పుట్టి, ఆసుపత్రి ఆక్సిజనుతో బ్రతికిన పసిబిడ్డల కండ్లను పుట్టిన కొద్ది వారాలలోనే పరీక్షించాలి. ఆ గడువు దాటితే జీవితాంతం చీకటే. ఈ పరీక్ష చేయగలవారు జిల్లాలలో తక్కువ. రెండేండ్ల డిప్లొమా సీట్లు 2019 తరువాత చాలావరకు మూడేండ్ల డిగ్రీ సీట్లుగా మారాయి. చదువు లోతు పెరిగినా, చిన్న పట్టణాలకు పోయి పనిచేసే డి.ఓ. డాక్టరు వరుస సన్నబడుతున్నది. దీనిని గూర్చి మన జిల్లాలో జరగవలసినంత చర్చ జరగలేదని నా అభిప్రాయం.

2021లో చేరిన పి.జి. విద్యార్థుల నుండి కొత్త నియమం ఒకటి వచ్చింది. చదువు మధ్యలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. బోధనాసుపత్రిలో ఉన్న యంత్రాలు అక్కడ ఉండవు. టార్చిలైటు, అక్షరాల పలక, దీపపు చీలిక యంత్రం, బయట బల్ల మీద వరుసగా కూర్చున్న ముసలివారు ఉంటారు. రాంబో డాక్టరు శిష్యులు గుడియాత్తం వైపు పల్లెలలో టార్చి పట్టి చేసిన పరీక్షనే ఈ రెసిడెంటూ చేయాలి. వెలుగు ఏ వైపు నుండి వస్తున్నది తాతా, అని అడగాలి. ఆ ముసలాయన చేయి ఎత్తి చూపితే, రిజిస్టరులో పేరు వ్రాసి, ఆపరేషనుకు తేదీ ఇవ్వాలి.